ఫోన్‌కి పౌచ్ వేయాలా, వద్దా? తేల్చుకోవడం ఎలా, ఎంచుకోవడం ఎలా

కొత్త ఫోన్ బిల్లు కట్టగానే షాపులో అడిగేది "పౌచ్ వేయమంటారా, టెంపర్డ్ గ్లాస్ కూడానా?" అనే. చాలామంది రెండూ వేయించుకుంటారు కానీ ఏది ఎందుకో అడగరు. కొందరేమో "స్క్రీన్‌కి గొరిల్లా గ్లాస్ అనే గట్టి గాజు ఉందిగా" అని ఏదీ వద్దంటారు. నన్నడిగితే మనలో ఎక్కువమందికి పౌచ్ కావాలి. అయితే దాన్ని చూసి కొనాలి, వేశాక అప్పుడప్పుడు తీస్తూ ఉండాలి.

1. ముందు ఫోన్ గాజు ఎంతవరకు తట్టుకుంటుందో తెలుసుకోండి

అమెరికాలోని కార్నింగ్ కంపెనీ గొరిల్లా గ్లాస్ తయారుచేసేటప్పుడు గాజును సుమారు 400 డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం లవణంలో ముంచుతుంది. గాజులోని సోడియం అయాన్లు బయటికి పోయి, వాటికంటే పెద్దవైన పొటాషియం అయాన్లు ఆ చోట్లలో ఇరుక్కుంటాయి. దాంతో గాజు పైపొర అంతా బిగుసుకుపోయి ఒత్తిడిలో ఉంటుంది. చిన్న దెబ్బకు పగులు మొదలు కాకుండా ఆపేది ఈ బిగువే. కానీ ఇసుక రేణువు గీసిన లోతైన గీత ఆ పొరను దాటిందంటే, గాజు అక్కడ బలహీనపడుతుంది. తర్వాత ఎప్పుడో పడ్డప్పుడు పగులు అక్కడి నుంచే మొదలవ్వచ్చు.

ఎత్తు సంగతీ చూడండి. 2022లో వచ్చిన విక్టస్ 2 అనే రకం గొరిల్లా గ్లాస్ కాంక్రీటు లాంటి నేల మీద 1 మీటరు ఎత్తు నుంచి పడినా తట్టుకుంటుందని కార్నింగ్ చెప్పింది. నిలబడి ఉన్నప్పుడు మన చొక్కా జేబు అంతకంటే ఎత్తులోనే ఉంటుంది.

2. మీ ఫోన్ ఎక్కడ పడే అవకాశం ఉందో చూసుకోండి

మన ఇళ్లలో కింద గ్రానైట్, మార్బుల్, లేదంటే తాండూరు బండలు. బయట సీసీ రోడ్డు. ఇవేవీ దెబ్బను పీల్చుకోవు. బండి మీద తిరిగేవాళ్లు, పొలం పనిలో, బిల్డింగ్ పనిలో ఉండేవాళ్లు, చంటిపిల్లలున్న ఇళ్లవాళ్లు ఆలోచించక్కర్లేదు, పౌచ్ వేయాల్సిందే. వెనక కూడా గాజే ఉన్న ఫోన్లకైతే మరీ అవసరం, ఎందుకంటే పగిలే వైపులు రెండవుతాయి. వెనక ప్లాస్టిక్ ఉండి, ఎక్కువసేపు టేబుల్ మీదే ఉండే ఫోన్ అయితే పౌచ్ లేకపోయినా నడుస్తుంది.

3. షాపులోనే పరీక్షించి కొనండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, తొందరపడకండి. ఫోన్‌కి పౌచ్ తొడిగి, స్క్రీన్ కిందికి ఉండేలా కౌంటర్ మీద పెట్టండి. ఒక పది రూపాయల నోటు తీసి స్క్రీన్ కింద దూర్చండి. ఎక్కడా పట్టుకోకుండా జారితే, పౌచ్ అంచు స్క్రీన్ కంటే ఎత్తుగా ఉన్నట్టు. నోటు పట్టేస్తే ఆ పౌచ్ వద్దనేయండి. ఫోన్ బోర్లా పడ్డప్పుడు నేలను ముందు తాకాల్సింది అంచు, స్క్రీన్ కాదు. తర్వాత ఫోన్‌ని వెల్లకిలా పెట్టి కెమెరా వైపు కూడా ఇలాగే చూడండి.

ఇప్పుడు నాలుగు మూలలూ గోరుతో నొక్కండి. మూల మీద పడితే దెబ్బంతా ఒక్క చుక్కంత చోటే తగులుతుంది. అందుకే మూలలు మిగతా చోట్ల కంటే మందంగా, కాస్త మెత్తగా ఉండాలి.

రకం విషయానికొస్తే, టీపీయూ అనే రబ్బరు లాంటి మెత్తటి ప్లాస్టిక్ పౌచ్ చాలామందికి సరిపోతుంది. పారదర్శకంగా ఉన్నవి ఎండకీ వేడికీ పసుపురంగుకు తిరుగుతాయి, అది సహజం. పలచటి గట్టి ప్లాస్టిక్‌వి గీతలను ఆపుతాయి కానీ దెబ్బను పెద్దగా ఆపవు. లోహపువి సిగ్నల్‌కీ వైర్‌లెస్ ఛార్జింగ్‌కీ అడ్డం.

"మిలిటరీ గ్రేడ్" అని రాసి ఉంటే అదనపు డబ్బు పెట్టే ముందు ఆగండి. అమెరికా సైన్యపు 810 ప్రమాణంలో 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 26 సార్లు పడేసే పరీక్ష ఉంది నిజమే. కానీ సైన్యం ఏ పౌచ్‌కీ సర్టిఫికెట్ ఇవ్వదు, కంపెనీలే పరీక్ష చేయించుకుంటాయి. పైగా 2008 నాటి కూర్పు ప్రకారం ఆ వస్తువు పడేది ప్లైవుడ్ మీద.

4. స్క్రీన్‌కి టెంపర్డ్ గ్లాస్ విడిగా వేయించండి

పౌచ్ మూలల్ని, వెనక భాగాన్ని కాస్తుంది. స్క్రీన్ నేరుగా రాయి మీద పడితే అదేమీ చేయలేదు. గీతల సంగతి కూడా అంతే. మామూలు ఇనుప తాళంచెవితో గీత పడటం అరుదు, అసలు శత్రువు ఇసుక. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గాజు కంటే గట్టిది. విశాఖ బీచ్‌కి వెళ్లొచ్చిన ప్యాంటు జేబులో ఫోన్ పెట్టే ముందు ఆ జేబు ఒకసారి దులపండి.

ప్యాకెట్ మీద "9హెచ్" అని ఉంటే అది పెన్సిల్ గట్టిదనంతో కొలిచే లెక్క. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేల్‌లో 9 అంటే కెంపు, నీలం రాళ్లు. రెండింటికీ సంబంధం లేదు. జిగురు పోసి అల్ట్రావయొలెట్ లైటుతో అతికించే రకం గ్లాస్ జోలికి పోకపోవడమే మేలు. ఆ జిగురు స్పీకర్ రంధ్రాల్లోకి, బటన్ల సందుల్లోకి దిగొచ్చు.

5. వేసి వదిలేయకండి

వారానికోసారి పౌచ్ ఊడదీసి చూడండి. ఫోన్ అంచు చుట్టూ, కెమెరా ఉంగరం పక్కన సన్నటి బూడిదరంగు దుమ్ము గీతలా పేరుకుని ఉంటుంది. రోజంతా పౌచ్ కదిలినప్పుడల్లా ఆ దుమ్మే ఫోన్‌ని అరగదీస్తుంది. దాన్ని వెంటనే గట్టిగా తుడిస్తే ఇంకా గీతలు పడతాయి కాబట్టి ముందు నోటితో ఊది, తర్వాత మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. పౌచ్‌ని సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే తొడగండి. లోపల తడి మిగలకూడదు.

మన ఎండాకాలం సంగతి వేరే చెప్పాలా? ఐఫోన్ వాడటానికి 0 నుంచి 35 డిగ్రీల వాతావరణం తగినదని యాపిల్ చెబుతోంది. రామగుండంలో, రెంటచింతలలో మే నెలలో 45 దాటే రోజులున్నాయి. ఛార్జింగ్‌లో ఫోన్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంటే పౌచ్ తీసేసి నీడలో పెట్టండి. ఎక్కువ వేడి బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది.

ఇక పౌచ్ వేసినంత మాత్రాన నీళ్లు ఆగవు. దుమ్మునీ నీళ్లనీ ఫోన్ ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీ67 రేటింగ్ అంటే 1 మీటరు లోతు మంచినీళ్లలో 30 నిమిషాలు, అదీ కొత్త ఫోన్‌కి. పడ్డ దెబ్బలకీ వాడకానికీ సీళ్లు వదులవుతాయి. సముద్రపు నీళ్లు ఆ లెక్కలో లేనే లేవు.

ఫోన్ గట్టిగా పడిందంటే పైకి బాగానే కనిపించినా పౌచ్ తీసి నాలుగు మూలలూ, వెనక గాజూ వెలుతుర్లో చూడండి. టెంపర్డ్ గ్లాస్ పగిలితే వెంటనే మార్పించండి. పౌచ్ మూల చీలినా, వదులై జారుతున్నా కొత్తది కొనండి.