కీమో తర్వాత నోరు పూసిందా? ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందు చూడండి

సమస్య: కీమో ఎక్కించిన రోజు నోరు బాగానే ఉంది, వారం తిరిగేసరికి పుండ్లు, మంట, నీళ్లు మింగాలన్నా భయం.

కారణం: నిన్న తిన్న కారం మీదకు నెట్టేయకండి. మందు ఒంట్లోకి వెళ్లగానే నోటి లోపలి పైపొర అడుగున ఉండే కణాల డీఎన్ఏ దెబ్బతింటుంది, ఎన్ఎఫ్-కప్పా-బి అనే స్విచ్ ఆన్ అయి టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి వాపు సంకేతాలు బయలుదేరతాయి, కొన్ని తిరిగొచ్చి అదే స్విచ్‌ని మళ్లీ నొక్కుతాయి. ఇంత జరుగుతున్నా పాత పొర ఇంకా ఉంది కాబట్టి పైకి ఏమీ తెలీదు. అది అరిగి రాలిపోయాక కింద నుంచి కొత్త కణాలు రావు, దాంతో సుమారు 5 నుంచి 10 రోజులకు పచ్చి పుండు బయటపడుతుంది. రేడియేషన్‌కైతే డోసు పేరుకునే కొద్దీ, మామూలుగా రెండో వారం నుంచి.

పరిష్కారం: లీటరు నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించాలి, మెత్తటి బ్రష్ వాడాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ అవతల పారేయండి. నొప్పికి మందు అడగడానికి మొహమాటం వద్దు, తినలేకపోతే ట్రీట్‌మెంటే ఆగుతుంది. కీమో పుండ్లు చాలావరకు రెండు మూడు వారాల్లో మానతాయి.

5-ఎఫ్‌యూ (ఫ్లోరోయురాసిల్) అనే కీమో మందు ఒకేసారి ఇంజెక్షన్‌గా ఇస్తుంటే వచ్చేసారి అరగంటపాటు ఐస్ ముక్కలు చప్పరించే సంగతి డాక్టర్ని అడగండి: చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, మందు నోటికి తక్కువ చేరుతుంది, ఒకేసారి ఇచ్చిన మందు ఎలాగూ రక్తంలోంచి త్వరగానే తగ్గిపోతుంది. పంపుతో రోజులతరబడి ఎక్కిస్తే ఈ కిటుకు పనిచేయదు. ఆక్సాలిప్లాటిన్ అనే మరో కీమో మందు కూడా ఉంటే ఐస్ జోలికే పోవద్దు, ఆ మందుకు చల్లదనం పడదు.

సమస్య: పుండ్లు చిగుళ్ల మీద, గట్టి అంగిలి మీద ఉన్నాయి.

కారణం: కీమో పూత ఎక్కువగా బుగ్గల లోపల, పెదవి లోపల, నాలుక కింద, అంటే మెత్తటి చోట్ల వస్తుంది. గట్టి చోట వస్తే హెర్పిస్‌ని అనుమానించాలి. గీకితే ఊడొచ్చే తెల్లటి పొర అయితే ఫంగస్ కావచ్చు.

పరిష్కారం: పుక్కిలింతతో సరిపెట్టకండి, వీటికి మందులు వేరు. డాక్టర్‌కి చూపించండి.

సమస్య: పుండ్లతోపాటు జ్వరం.

కారణం: పూత ముదిరే రోజుల్లోనే తెల్లకణాలు కూడా పడిపోయి ఉంటాయి, పుండులోంచి బ్యాక్టీరియా నేరుగా రక్తంలోకి దిగుతుంది.

పరిష్కారం: 100.4 ఫారెన్‌హీట్ దాటితే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు, అర్ధరాత్రైనా ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరండి.