తొలకరికి ముందు కంపోస్టు యార్డులో తీసుకోవలసిన జాగ్రత్తలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ చుట్టుపక్కల కూరగాయల మార్కెట్ల వ్యర్థాలు, కోళ్ల ఫారాల పెంట, హోటళ్ల ఎంగిలి సేకరించి అమ్మకానికి ఎరువు తయారుచేసే మనవాళ్లకు ఏడాదిలో అసలు పరీక్ష రోహిణి కార్తె వెళ్లి మృగశిర వచ్చినప్పుడు మొదలవుతుంది. వేసవి అంతా ఎవరి కంటా పడకుండా మాగిన కుప్పే నాలుగు వానలు పడేసరికి కంపు కొట్టి, నల్లని ఊట కార్చి, ఈగలను పెంచి, ఊరివాళ్లను గేటు దగ్గరికి రప్పిస్తుంది. ఈ మూడు బాధలకూ మూడు రకాల మందులు కొని చల్లేవారున్నారు గాని, మూలం చాలావరకు ఒక్కటే: కుప్పలో గాలి ఉండవలసిన సందుల్లోకి నీరు చేరడం. అందుచేత పనిలో ఎక్కువ భాగం మే నెలలోనే ముగియాలి.

ముందు నేల సంగతి. కుప్పలు వేసే నేలను కాంక్రీటుతో గాని, 50 సెంటీమీటర్ల మందాన దిమ్మిస కొట్టిన బంకమట్టితో గాని నీరు ఇంకకుండా చేయాలనీ, దానికి 1 నుంచి 2 శాతం వాలు ఇచ్చి చుట్టూ గట్టి అడుగు గల కాలువలు కట్టాలనీ 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. జేసీబీ తిరిగి తిరిగి ఈ నేల గుంతలు పడుతుంది. బకెట్టెడు నీరు నిలిచే గుంత కూడా వారం తిరక్కుండా కుళ్లు కంపు కొడుతుంది కనుక వాటిని వానలకు ముందే పూడ్చాలి. కుప్పల వరుసలు వాలు వెంబడి సాగాలి తప్ప వాలుకు అడ్డంగా ఉండకూడదు. మొదటి ఏడాది మేము చూపుకు బాగుంటుందని రోడ్డుకు సమాంతరంగా, అంటే వాలుకు అడ్డంగా, వరుసలు వేశాము. ప్రతి వరుసా చెరువుగట్టులా నీటిని ఆపి, అడుగు నుంచి మూరెడు ఎత్తు వరకు నాని ముద్దయింది.

ఇక నీటి లెక్క. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. దానిమీద ఒక్క రోజులో 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే నాలుగు లక్షల లీటర్లు దాటుతుంది. అంత నీటిని పట్టే తొట్టి కట్టడం మనవల్ల అయ్యే పని కాదు, కట్టనక్కరలేదు కూడా. కొండవాలు నుంచి వచ్చే నీరు యార్డులో అడుగుపెట్టకుండా ఎగువన కాలువ తీసి, కొత్త వ్యర్థాలు కలిపే చోటుకూ, మాగుతున్న కుప్పలకూ రేకుల కప్పు వేసి, ఆ కప్పు మీది నీటిని గొట్టాలతో నేరుగా బయటికి పంపితే, తొట్టికి చేరేది నిజంగా మురికైన నీరు మాత్రమే. ఆ ఊట పొర్లి మహేంద్రతనయకో వంశధారకో పోయే వాగులో కలిసినా, చెరువులో పడినా, నీటిలోని ప్రాణవాయువు తగ్గిపోయి చేపలు చచ్చి తేలతాయి. తొట్టిలోని ఊటను వేడిగా ఉన్న కొత్త కుప్పలు ఎండినప్పుడు వాటిపైనే చల్లవచ్చు. మాగిన ఎరువుపై చల్లితే చచ్చిన రోగక్రిములను మళ్లీ తెచ్చి పోసినట్టే.

అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది పొడి సరుకు నిల్వ. ఆషాఢంలో ఎండుగడ్డి అడిగితే ఎవరూ ఇవ్వరు, ఇచ్చినా తడిసినదే ఇస్తారు. కనీసం ఆరు వారాలకు సరిపడా ఎండుగడ్డి, రంపపు పొట్టు, వరి ఊక, కొబ్బరి పొట్టు ముందే కొని, నిప్పు భయం ఉంటుంది కనుక వేడి కుప్పలకు దూరంగా, కప్పు కింద ఉంచాలి. ఊక త్వరగా మాగదు గాని గాలి సందులు నిలుపుతుంది. కర్బనం ఇచ్చేవి గడ్డి, పొట్టు. తడి వ్యర్థం ఒక గంపకు పొడి సరుకు రెండు గంపల చొప్పున కలిపితే, కర్బనం నత్రజనికి 25 నుంచి 30 రెట్లు ఉండాలన్న లెక్కకు సుమారుగా దగ్గరపడతాము. కలిపినదాన్ని పిడికిట పట్టి పిండితే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు మాత్రమే రావాలి. ధారగా కారితే ఇంకా పొడి కావాలి. సాయంత్రం లారీలో వచ్చిన తడి వ్యర్థాన్ని తెల్లవారాక కలుపుదామనుకోవడం ఈ కాలంలో పనికిరాదు. పలాస వైపు నుంచి జీడిపెంకు చవకగా వస్తుందని కలిపేవారున్నారు. అందులోని ఘాటైన నూనె మనిషి చేతులను కాలుస్తుంది, సూక్ష్మజీవులకూ గిట్టదు, కనుక దాని జోలికి పోకపోవడమే మంచిది.

వాసన విషయంలో ముక్కునే నమ్మాలి. ముక్కు మండించే అమోనియా వాసన వస్తే కోళ్ల పెంట ఎక్కువైందని, కుళ్లిన గుడ్డు వాసన వస్తే లోపల గాలి ఆడడం లేదని అర్థం. మొదటిదానికి రంపపు పొట్టు, రెండోదానికి గుల్లచేసే సరుకు కలిపి తిరగవేయడం మందు. ఎప్పుడు తిరగవేస్తామన్నదీ ముఖ్యమే. కొండల మధ్య ఉన్న మన ఊళ్లలో రాత్రిపూట చల్లబడిన గాలి వాలు వెంట దిగి పల్లంలో నిలుస్తుంది. తెల్లవారుజామున కుప్ప తెరిస్తే ఆ కంపు చెదరక పల్లపు వీధికి చేరుతుంది. ఎండెక్కి గాలి పైకి లేచాక, తొమ్మిది పది గంటల నుంచి మధ్యాహ్నం మూడింటిలోగా తిరగవేయడం క్షేమం. నైరుతి గాలి వీచే రోజుల్లో ఈశాన్యాన ఉన్న ఇళ్లకు, దసరా తర్వాత గాలి మారాక నైరుతి దిక్కువారికి కంపు తగులుతుంది కనుక, వెదురుగడకు గుడ్డపేలిక కట్టి గాలి చూశాకే యంత్రం కదపాలి. పెళ్లి, గ్రామదేవత పండుగ ఉన్న రోజున కుప్ప ముట్టకండి. కొత్త కుప్పపై మాగిన ఎరువును జానెడు మందాన కప్పితే వాసన చాలావరకు అందులోనే ఆగిపోతుంది.

ఈ ఉష్ణంలో ఈగ గుడ్డు పదిరోజుల లోపే రెక్కలొచ్చిన ఈగ అవుతుంది, కాబట్టి వారానికి ముందే పైపొరను లోపలి వేడిలోకి తిప్పాలి. రోగక్రిములు చావాలంటే కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటి 15 రోజులు నిలవాలి, ఆ లోపు ఐదుసార్లు తిరగవేయాలి. పొడవాటి థర్మామీటరు లేకుండా ఇది తెలియదు. దోమలు మరో సంగతి. టార్పాలిన్ల మీద బరువుకు పాత టైర్లు పెట్టడం పెద్ద తప్పు. టైరులో నిలిచిన నీరే దోమలకు చాలు. ఇసుక బస్తాలు వాడండి.

2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ఎలా ముంచిందో మనం చూశాము. కనుక ఊట తొట్టిని జూన్‌కు ముందే కాక, దసరాకు ముందు మరొకసారి ఖాళీ చేసి, పూడిక తీసి, తూములు చూసి పెట్టుకోవాలి.