రోమ్‌లో రోమన్ల లాగా తినడం ఎలా?

రోమ్ వెళ్లిన మనవాళ్లు ఆకలి వేయగానే ఇండియన్ రెస్టారెంట్ వెతుక్కుంటారు. లేదంటే కొలోసియం పక్కన ఫొటోల మెనూ పెట్టి, దారిన పోయేవాళ్లని చేయి పట్టి పిలిచే హోటల్లో కూలబడతారు. రెండోదానికన్నా మొదటిదే నయం. నిజానికి అక్కడ బాగా తినడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఏ పూట ఏది అడగాలో తెలిస్తే చాలు.

1. పొద్దున్నే బార్‌కి వెళ్లండి

కంగారు పడకండి, అక్కడ బార్‌లో పొద్దున అమ్మేది కాఫీయే. రద్దీగా ఉండే చోట మన టిఫిన్ సెంటర్ పద్ధతే: ముందు డబ్బు కట్టి, రసీదు కౌంటర్ మీద పెట్టి అడగాలి. నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. పెద్ద పెద్ద కూడళ్లలో ఈ తేడా బాగా ఎక్కువ, కాబట్టి నిలబడండి.

ఊరికే "కఫే" అంటే ఎస్ప్రెస్సో వస్తుంది, రెండు గుక్కల్లో అయిపోతుంది. "లాతే" అంటే ఉత్త పాలు ఇస్తారు. మనకు నచ్చే పాల కాఫీకి దగ్గరిది కాపుచినో. దాన్ని వాళ్లు పొద్దున మాత్రమే తాగుతారు, భోజనం మీద తాగరు. పక్కన మీగడ కూరిన మారితొత్సో బన్ను తీసుకోండి. పాంథియన్ దగ్గర 1938 నుంచి నడుస్తున్న సాంత్ యుస్తాకియో అనే కాఫీ బార్‌లో కాఫీకి చక్కెర వాళ్లే కలిపేస్తారు. వద్దనుకుంటే ముందే చెప్పాలి.

2. మధ్యాహ్నం పిజ్జా తూకానికి కొనండి

గుండ్రటి పిజ్జా సాధారణంగా రాత్రి తిండి. పగలు పొడవాటి ట్రేలలో కాల్చిన పిజ్జాని ముక్కలుగా కోసి, తూచి అమ్ముతారు. ఎంత కావాలో చేత్తో చూపిస్తే చాలు, భాష రాకపోయినా పని జరిగిపోతుంది. అక్కడే సుప్లీ కూడా ఉంటుంది: టమాటా సాస్ కలిపిన అన్నం మధ్యలో మోజరెల్లా పెట్టి, బ్రెడ్ పొడిలో దొర్లించి వేయించినది. పాత పద్ధతిలో అందులో మాంసం కలుస్తుంది, అడిగి తీసుకోండి.

3. నీళ్ల సీసాలు కొనకండి

వీధుల్లో నసోనీ అనే ఇనుప కుళాయిల నుంచి రాత్రింబవళ్లు చల్లటి మంచినీళ్లు కారుతూనే ఉంటాయి. కింద వేలు అడ్డం పెడితే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, నేరుగా తాగొచ్చు.

4. రాత్రి ఎనిమిది దాకా ఆగండి

అసలు సిసలు త్రత్తోరియాల్లో, అంటే ఇంటి వంట లాంటిది పెట్టే చిన్న హోటళ్లలో, వంటగది రాత్రి ఏడున్నర తర్వాతే మొదలవుతుంది. ఆలోపు ఆకలికి ఆగలేకపోతే ఏదైనా బార్‌లో స్ప్రిట్జ్ అనే వైన్ కలిపిన డ్రింకు తీసుకోండి, దాంతో పాటు ఆలివ్ కాయలో, చిప్సో పెడతారు. ఆదివారం రాత్రి, సోమవారం చాలాచోట్ల సెలవు. ఆగస్టు 15 అటూ ఇటూ అయితే సొంత హోటళ్లవాళ్లు సగం మంది ఊళ్లోనే ఉండరు, ముందే కనుక్కోండి.

పేట ఎంచుకోవాలంటే నా ఓటు తెస్తాచ్చోకి. 1975 దాకా నగర కబేళా అక్కడే ఉండేది. మంచి మాంసం డబ్బున్నవాళ్ల ఇళ్లకు పోతే, పనివాళ్లకు తోక, పేగులు, పొట్ట మిగిలేవి. రోమన్ వంటలో సగం పేరు వాటిదే. బోటీ కూర అలవాటున్న నోటికి ఇవి కొత్త కాదు, కాకపోతే తోక, పొట్ట దాదాపు ఎప్పుడూ గొడ్డువే.

5. నాలుగు పాస్తాల వరస తెలుసుకోండి

మెనూ చేతికొస్తే వచ్చే టెన్షన్ దీంతో పోతుంది. పెకోరీనో అనే గొర్రెపాల చీజ్, మిరియాలు, పాస్తా ఉడికిన నీళ్లు కలిపితే కాచో ఎ పేపే. దానికి గ్వాంచాలే, అంటే ఉప్పులో ఊరేసి ఆరబెట్టిన పంది దవడ మాంసం చేరిస్తే గ్రీచా. గ్రీచాకి టమాటా చేరిస్తే అమత్రిచానా, గుడ్డు చేరిస్తే కార్బొనారా. కార్బొనారాలో క్రీమ్ ఉండదు. ఎక్కడైనా ఉందంటే లేచి వచ్చేయొచ్చు.

శాకాహారులకు కాచో ఎ పేపే సరే అనిపిస్తుంది. అయితే పెకోరీనో రొమానో కోసం పాలు విరగ్గొట్టేది గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన రెనెట్‌తో. ఆ పట్టింపు ఉన్నవాళ్లు పిజ్జా మరినారా అడగాలి: టమాటా, వెల్లుల్లి, ఒరేగానో, నూనె, అంతే. చలికాలం నుంచి వసంతం దాకా యూదుల పేటలో పువ్వులా విచ్చుకునేలా వేయించే ఆర్టిచోక్ అనే పూమొగ్గ కూర దొరుకుతుంది, కరకరలాడుతుంది. గుమ్మడి జాతి పూల బజ్జీలు చూసి మురిసిపోకండి, లోపల ఆంకోవీ చేప పెడతారు.

కారం లేకపోతే ముద్ద దిగని వాళ్లకు అర్రాబ్బియాతా ఉంది. ఎండుమిర్చి, వెల్లుల్లి, టమాటాతో చేసే ఈ పాస్తా కూడా రోమ్ వైపుదే. గుంటూరు లెక్కలో అది కారమే కాదు, అయినా బ్యాగులో కారప్పొడి సీసా తీయాల్సిన అవసరం రాదు.

పాస్తా తర్వాత మాంసం, పక్క కూరలు విడివిడిగా వస్తాయి. అన్నీ తీసుకోవాలని లేదు. పాస్తా మాత్రం ఎవరి పళ్లెం వాళ్లది, నలుగురికి రెండు చెప్తే సర్వర్ మొహం మారుతుంది.

6. వైన్, బిల్లు

సీసా జోలికి పోకుండా హౌస్ వైన్ పావు లీటరో అర లీటరో అడగండి. దగ్గరి కొండల్లో తయారయ్యే ఫ్రస్కాతి తెల్ల వైన్ ఈ పాస్తాలకు బాగా కుదురుతుంది.

మీరు అడిగేదాకా బిల్లు తీసుకురారు. అది నిర్లక్ష్యం కాదు, తినేవాళ్లని లేవగొట్టడం వాళ్లకు మర్యాద కాదు. "ఇల్ కొంతో" అంటే తెస్తారు. అందులో బ్రెడ్డుకి తలా ఒకటి రెండు యూరోలు ఉంటే కంగారు పడొద్దు, అది మామూలే. టిప్పు తప్పనిసరి కాదు, చిల్లర వదిలేస్తే చాలు.