అమెరికా హైస్కూల్లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) చరిత్ర కోర్సును ఎలా ఎంచుకోవాలి?

అమెరికా హైస్కూళ్లలో చరిత్రను లోతుగా చదవదలచిన విద్యార్థుల ముందు సాధారణంగా కాలేజ్ బోర్డ్ అనే సంస్థ రూపొందించిన మూడు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) కోర్సులు, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు, ఉంటాయి. అవి ఆధునిక ప్రపంచ చరిత్ర, యూరప్ చరిత్ర, అమెరికా చరిత్ర. అక్కడి తెలుగు ఇళ్లలో కాలిక్యులస్, కంప్యూటర్ సైన్స్ గురించి జరిగినంత చర్చ వీటి గురించి జరగదు. జీపీఏ (గ్రేడుల సగటు) పెరుగుతుందా లేదా అన్న ఒక్క ప్రశ్నతోనే చాలాసార్లు నిర్ణయం అయిపోతుంది. ఆధారాలను పరిశీలించి, వాటి మీద ఒక వాదనను నిలబెట్టి రాయడం పిల్లలకు గట్టిగా అలవాటు చేసే కోర్సులివి కనుక, ఎంపికకు మరికొంత ఆలోచన అవసరం.

మొదట బడి కోర్సుల జాబితాను, డిప్లొమా (హైస్కూలు పూర్తిచేసినట్టు ఇచ్చే పట్టా) నిబంధనలను పక్కపక్కన పెట్టుకుని చదవండి. చాలా రాష్ట్రాల్లో అమెరికా చరిత్ర తప్పనిసరి. ఏపీ అమెరికా చరిత్ర సాధారణంగా ఆ నిబంధనను తీరుస్తుంది. అందుకే పదో తరగతిలో ప్రపంచ చరిత్ర, పదకొండులో అమెరికా చరిత్ర చదవడం చాలాచోట్ల వాడుక. యూరప్ చరిత్ర అన్ని బడుల్లోనూ ఉండదు.

తరువాత పాఠ్యాంశాలను చూడండి. ప్రపంచ చరిత్ర సుమారు 1200 నుంచి నేటి వరకు సాగుతుంది. విజయనగర సామ్రాజ్యం, భక్తి ఉద్యమం, హిందూ మహాసముద్ర వాణిజ్యం, మొఘలులు ఇందులో కనిపిస్తారు. ఏ ప్రాంతం దగ్గరా ఎక్కువసేపు ఆగకుండా, దూరదేశాలను పోల్చి చూడడం దీని పద్ధతి. యూరప్ చరిత్ర సుమారు 1450లో, సాంస్కృతిక పునరుజ్జీవనంతో మొదలవుతుంది. కళ, మతం, తాత్విక చింతన ఇష్టపడేవారికి ఇది నచ్చుతుంది. అమెరికా చరిత్ర 1491తో ప్రారంభమై ఒకే దేశం మీద నిలుస్తుంది కనుక రాజ్యాంగం, బానిసత్వం, అంతర్యుద్ధం, పౌరహక్కుల వంటివి వివరంగా వస్తాయి. భారతీయ ఇంజనీర్లకు, వైద్యులకు ఆ దేశపు తలుపులు తెరిచిన 1965 వలస చట్టం ఏ పరిస్థితుల్లో పుట్టిందో అక్కడ పెరిగే తెలుగు పిల్లలకు అర్థమయ్యేది ఈ కోర్సులోనే. ఒక్కటే చదివే వీలుంటే నేను దీనినే సూచిస్తాను.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన పని, నమూనా ప్రశ్నను ప్రయత్నించి చూడడం. మూడు కోర్సుల పరీక్షలూ ఒకే తీరులో ఉంటాయి: బహుళైచ్ఛిక ప్రశ్నలు, లఘు సమాధానాలు, ఇచ్చిన 7 చారిత్రక పత్రాల ఆధారంగా రాయవలసిన ఒక వ్యాసం, మరొక దీర్ఘ వ్యాసం. పాత వ్యాస ప్రశ్నలను కాలేజ్ బోర్డ్ తన వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచుతుంది. మూడింటి నుంచి పత్రాల ప్రశ్న ఒక్కొక్కటి తీసుకుని, ఒక్కో దాని పత్రాలను 15 నిమిషాల పాటు విద్యార్థినే చదవనివ్వండి. ఈ పత్రం ఎవరు, ఎవరికి, ఏ ఉద్దేశంతో రాశారు, దానిని ఎంతవరకు నమ్మవచ్చు అన్న ప్రశ్నలు ఏ కోర్సు పత్రాల దగ్గర సహజంగా పుడుతున్నాయో గమనించండి. మార్కుల గురించి ఎవరు చెప్పే మాటకన్నా ఆ ఆసక్తి నమ్మదగిన సూచన. ఒక కోర్సులో అలవడిన ఈ రచనా నైపుణ్యం తరువాతి కోర్సుకు నేరుగా పనికివస్తుంది కాబట్టి, మొదటిది ఇష్టంతో చదివినదై ఉండడం మంచిది.

ఆ పైన, గత సంవత్సరం అదే ఉపాధ్యాయుని దగ్గర చదివిన విద్యార్థులను కలిసి, వారానికి ఎన్ని పేజీలు చదవవలసి వచ్చిందో, వ్యాసాలను దిద్ది లోపాలు వివరించారో లేదో అడగండి. అదే ఏడాది ఏపీ కెమిస్ట్రీ, కాలిక్యులస్ కూడా తీసుకుంటున్నవారు ఈ చదువు భారాన్ని తక్కువగా అంచనా వేయకూడదు.

కాలేజీ క్రెడిట్ (ఏపీ కోర్సును కాలేజీ చదువులో భాగంగా లెక్కించడం) విషయంలో ఒక్కో విశ్వవిద్యాలయానిది ఒక్కో నియమం. ఏపీ పరీక్ష స్కోరు 1 నుంచి 5 వరకు ఉంటుంది. కొన్ని 3కు క్రెడిట్ ఇస్తే, కొన్ని 4 లేదా 5 కోరతాయి, కాబట్టి ఆయా వెబ్‌సైట్లలోనే సరిచూసుకోండి.

కోర్సు ఖరారు చేసేముందు, అవసరమైతే ఆనర్స్ తరగతికి (సాధారణంగా ఏపీ కన్నా ఒక మెట్టు తేలికైనది) మారడానికి చివరి తేదీ ఏమిటో, వేసవిలో చదవవలసిన పుస్తకాలేమైనా ఉన్నాయో బడి కౌన్సెలర్‌ను అడిగి రాసిపెట్టుకోండి.