వానలు లేని రోజుల్లో ఇంటికి, తోటకు నీటిని సరిపెట్టుకోవడం

నీటి ఎద్దడి మొదలైందని తెలియగానే చాలామంది స్నానం నీళ్లు తగ్గించుకోవడం గురించి ఆలోచిస్తారు గాని, అంతకంటే ముందు చూడవలసింది ఎవరూ వాడకుండానే పోతున్న నీటిని. ఇంటికి నీటి మీటరు ఉంటే, రెండు గంటలపాటు కుళాయిలన్నీ కట్టేసి, మొదట ఒకసారి, చివర ఒకసారి మీటరు అంకెలు రాసుకోండి. అంకె మారిందంటే ఎక్కడో నీరు కారుతున్నట్టే. ఎక్కువగా ఆ దోషం మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులో ఉంటుంది. ట్యాంకులో కొన్ని చుక్కల తినే రంగు వేసి, పావుగంటసేపు ఫ్లష్ చేయకుండా ఉంచితే, కింది గిన్నెలో రంగు కనిపించినప్పుడు లోపలి రబ్బరు మూత అరిగిపోయిందని తెలుస్తుంది. ఈ కారుడు చప్పుడు చేయదు కాబట్టే నెలల తరబడి సాగిపోతుంది. చుక్కలు కారే కుళాయి కింద గంటసేపు గ్లాసు పెట్టి కొలవండి. గంటకు 250 మిల్లీలీటర్లు పడితే రోజుకు 6 లీటర్లు, ఏడాదికి దాదాపు 2,190 లీటర్లు అవుతుంది. ఒక చిన్న వాషరు మారిస్తే ఇంత నీరూ మిగులుతుంది.

ఇంట్లో మిగతా పొదుపు తేలికే. షవరు నిమిషానికి 10 లీటర్లు వదులుతుంటే, మూడు నిమిషాలు తగ్గించినా మనిషికి 30 లీటర్లు మిగులుతాయి. వాషింగ్ మెషీనును బట్టలు నిండినప్పుడే వేయండి. కూరగాయలు కడిగిన నీళ్లు మొక్కలకు పోయవచ్చు. సబ్బు నీళ్లను మాత్రం నిల్వ చేయకుండా ఆ రోజే చెట్ల మొదళ్లకు పోయాలి, పచ్చిగా తినే ఆకుకూరల మీద పోయకూడదు.

ఇక తోట విషయానికొస్తే, స్థానిక నీటి సరఫరా సంస్థ ఇచ్చిన ఆంక్షలను పూర్తిగా చదవడం మొదటి పని. ఇంటి నంబరు సరి సంఖ్యా, బేసి సంఖ్యా అన్నదాన్ని బట్టి రోజులు కేటాయించడం, పగటి ఎండ వేళ స్ప్రింక్లర్లు నడపకూడదనడం, నేల కడగడాన్ని నిషేధించడం, గొట్టానికి నీరు ఆపే నాజిల్ ఉండాలనడం తరచుగా కనిపించే నిబంధనలు. బిందు పద్ధతికి, చేతితో పోయడానికి, కొత్తగా నాటిన మొక్కలకు వేరే నియమాలు ఉండవచ్చు. కరవు ముదిరే కొద్దీ ఆంక్షల స్థాయి పెరుగుతుంది కాబట్టి పోయిన నెల చదివిన ప్రకటన ఈ నెలకు చెల్లకపోవచ్చు.

నిబంధన ఎప్పుడు పోయవచ్చో చెబుతుంది గాని, ఎంత పోయాలో చెప్పదు. అనుమతించిన రోజు వచ్చింది కదా అని తడి ఆరని నేలకు మళ్లీ నీరు పెట్టడం నాకు తెలిసినంతలో అన్నిటికంటే పెద్ద వృథా. వేలు లోతున మట్టి చల్లగా, తడిగా తగిలితే ఆ రోజు మానేయండి. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరంటే సరిగ్గా ఒక లీటరు, కాబట్టి 40 చదరపు మీటర్ల పచ్చికకు 25 మిల్లీమీటర్లు పెట్టడానికి 1,000 లీటర్లు కావాలి. స్ప్రింక్లరు కింద చదునైన డబ్బాలు నాలుగైదు చోట్ల పెట్టి, పావుగంట తర్వాత స్కేలుతో కొలిస్తే ఎంతసేపు నడపాలో తేలిపోతుంది. బంకమట్టి నీటిని నెమ్మదిగా పీల్చుకుంటుంది. అందుకని నీరు పైన నిలవడం మొదలవగానే ఆపి, అరగంట తర్వాత మళ్లీ పెట్టాలి. లేకపోతే అది వీధిలోకి పారుతుంది, చాలాచోట్ల అదే ఉల్లంఘన కింద లెక్క. తెల్లవారుజామున గాలి, ఎండ తక్కువ గనుక ఆవిరయ్యేది తక్కువ, పొద్దెక్కాక ఆకులు ఆరిపోతాయి గనుక బూజు తెగుళ్లూ తగ్గుతాయి.

అందరికీ సరిపడా నీరు లేనప్పుడు చెట్లనే ముందు కాపాడండి. ఎండి గోధుమరంగుకు తిరిగిన పచ్చిక చాలా రకాల్లో వానలు పడగానే చిగురిస్తుంది, చచ్చిన చెట్టు స్థానంలో మరొకటి ఎదగడానికి ఏళ్లు పడుతుంది. చెట్టుకు నీరు కాండం దగ్గర కాక, కొమ్మల చివరల కింద పడే నీడ అంచున, నెమ్మదిగా, లోతుగా ఇంకేలా పెట్టాలి. పాదులో ఎండుటాకులో, ఎండుగడ్డో 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన పరిచి, కాండం చుట్టూ కాస్త ఖాళీ వదలండి. ఎండలు తగ్గేదాకా ఎరువులు వేయకండి, అవి కొత్త చిగుళ్లను రప్పించి నీటి అవసరాన్ని పెంచుతాయి. టైమరుతో నడిచే స్ప్రింక్లరు ఉన్నవారు జల్లు పడిన రోజున దాన్ని స్వయంగా ఆపి, నేల చూసుకున్న తర్వాతే మళ్లీ తిప్పాలి.