అమెరికాలో మొదటి సిమ్, మొదటి ఇంటర్నెట్: కంపెనీ మారే దారి మూసుకోకండి

అమెరికా అంతటా సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉన్న కంపెనీలు మూడే: వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. నాలుగోదైన స్ప్రింట్ 2020 ఏప్రిల్ 1న టీ-మొబైల్‌లో కలిసిపోయింది. మిగతా పేర్లలో చాలావరకు ఈ మూడింటి నెట్‌వర్క్‌ని టోకున కొని చిల్లరగా అమ్మేవే. కొన్నయితే వాళ్ల సొంత బ్రాండ్లే. క్రికెట్ ఏటీ అండ్ టీది, విజిబుల్ వెరైజన్‌ది, మెట్రో, మింట్ టీ-మొబైల్‌వి.

ఈ బ్రాండ్లు తరచూ అసలు కంపెనీ కంటే చౌక. ఒకే సిగ్నల్‌కి రెండు ధరలెందుకు? ధరలు పోల్చి చూసేవాళ్లకి తక్కువకి, చూడనివాళ్లకి ఎక్కువకి అమ్మితే కంపెనీకి ఇద్దరూ మిగులుతారు. తేడా రద్దీ వేళల్లో తెలుస్తుంది. టవర్ నిండిపోయినప్పుడు చాలా చౌక ప్లాన్ల డేటాని వెనక్కి నెడతారు. అందుకే సాయంత్రం పూట మీ గదిలో, క్లాసులో లేదా ఆఫీసులో స్పీడ్ చూసుకోండి.

మొదట ఒక నెల ప్రీపెయిడ్ చాలు. దానికి సాధారణంగా సోషల్ సెక్యూరిటీ నంబరు (ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య), క్రెడిట్ హిస్టరీ (అప్పులు తీర్చిన చరిత్ర) అడగరు. ఇండియా నుంచి తెచ్చిన ఫోన్ అయితే *#06# కొట్టి ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య) చూసి, కంపెనీ సైట్లో అది పనిచేస్తుందో లేదో పరీక్షించండి. 2022లో ఇక్కడ మూడు కంపెనీలూ 3జీ ఆపేశాయి. ఆ కంపెనీ వోల్టీని (4జీ మీద కాల్స్ నడిపే పద్ధతి) మీ ఫోన్ అందుకోకపోతే డేటా వచ్చినా కాల్స్ పోవు. బ్యాండ్లు (ఫోన్ పట్టుకోగల సిగ్నల్ రకాలు, వాటికి నంబర్లుంటాయి) కూడా చూడండి: టీ-మొబైల్‌కి 71, 12, వెరైజన్‌కి 13, ఏటీ అండ్ టీకి 12. ఇవి 600, 700 మెగాహెర్ట్జ్ సిగ్నళ్లు, గోడలు దాటి లోపలికి బాగా వచ్చే రకం. ఇవి లేని ఫోన్‌కి వీధిలో సిగ్నల్ నిండుగా ఉండి, గదిలోకి రాగానే పడిపోవచ్చు.

ఇక ‘ఫ్రీ ఫోన్’. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. 720 డాలర్ల ఫోన్ 36 నెలల వాయిదా అనుకుందాం. నెలకి 20 డాలర్ల వాయిదా బిల్లులో పడుతుంది, అంతే మొత్తం క్రెడిట్‌గా తీసేస్తారు. 14వ నెల తర్వాత కంపెనీ మారితే క్రెడిట్ ఆగిపోతుంది, మిగిలిన 22 వాయిదాలు, అంటే 440 డాలర్లు, మీ మీద పడతాయి. రద్దు రుసుము అనే పేరు ఎక్కడా ఉండదు, పని మాత్రం అదే చేస్తుంది. పైగా బాకీ తీరేదాకా ఆ ఫోన్ లాక్‌లోనే ఉండొచ్చు, అంటే సెలవులకి ఇంటికి వెళ్తే అక్కడి సిమ్ పడదు. ఉద్యోగం ఏ ఊళ్లో వస్తుందో తెలియని మనిషి మూడేళ్లకి కట్టుబడటం మంచిది కాదు. అన్‌లాక్డ్ ఫోన్ కొనుక్కోండి.

నంబరు మాత్రం మీదే. 2003 నవంబరు నుంచి మొబైల్ నంబరుని వేరే కంపెనీకి తీసుకెళ్లే హక్కు ఉంది. దీన్నే పోర్ట్ అంటారు. బాకీ ఉందన్న సాకుతో పాత కంపెనీ పోర్ట్ ఆపకూడదు (బాకీ మాత్రం కట్టాల్సిందే). పాత కంపెనీ నుంచి అకౌంట్ నంబరు, ట్రాన్స్‌ఫర్ పిన్ (నంబరు మార్చడానికి ఇచ్చే రహస్య సంఖ్య) తీసుకోండి, బిల్లు మీది జిప్ కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది) రాసుకోండి, ఈ మూడూ కొత్త కంపెనీకి ఇవ్వండి. పాత లైన్‌ని ముందే రద్దు చేస్తే నంబరు పోవచ్చు. పోర్ట్ పూర్తయ్యాక ఆ లైన్ దానంతటదే ఆగిపోతుంది. పోర్ట్ ఫెయిలయితే ముందు చూడాల్సింది పిన్ గడువు, జిప్ కోడ్.

ఇంటి ఇంటర్నెట్‌కి లీజు మీద సంతకం పెట్టకముందే అడగాలి. ‘ఈ బిల్డింగ్‌లో ఫలానా కంపెనీ ఒక్కటే’ అని లీజింగ్ ఆఫీసు చెబితే అలాగే నమ్మకండి. టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధనల ప్రకారం కేబుల్, టెలికాం కంపెనీలు అపార్ట్‌మెంట్‌తో ఇతరులు రాకుండా ఒప్పందం చేసుకోకూడదు. ప్రచారం వరకూ ఒకే కంపెనీకి ఒప్పందం ఉండొచ్చు, చాలాసార్లు ఆఫీసువాళ్లు చెప్పేది దాని గురించే. అయితే అద్దెతోపాటు అందరికీ ఇంటర్నెట్ బిల్లు వేసే పద్ధతి ఎక్కువచోట్ల చెల్లుతుంది. అది లీజులో ఉంటే, వాడినా వాడకపోయినా కట్టాలి.

ప్లాన్ ఎంచుకునేటప్పుడు బ్రాడ్‌బ్యాండ్ లేబుల్ (ప్లాన్ ధర, ఫీజులు, స్పీడ్ రాసి ఉండే పట్టిక) అడగండి. 2024 నుంచి తప్పనిసరి అయింది, మొబైల్ డేటాకి కూడా. ఆఫర్ ధర ఎన్ని నెలలు, ఆ తర్వాత ఎంత అన్న రెండు అంకెలు చూస్తే చాలావరకు తేలిపోతుంది. బిల్లులో కనిపించే ‘అడ్మినిస్ట్రేటివ్ ఫీజు’ ప్రభుత్వ పన్ను కాదు, అది కంపెనీ సొంత రాబడి.

కస్టమర్ కేర్‌లో తేలకపోతే ఎఫ్‌సీసీ సైట్లో ఉచితంగా ఫిర్యాదు పెట్టొచ్చు. దాన్ని వాళ్లు కంపెనీకి పంపాక, ఆ కంపెనీ 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఫిర్యాదులో తేదీలు, బిల్లు మొత్తం, మీకు చెప్పిన మాట, మీరు కోరేది నాలుగు వాక్యాల్లో రాసి, బిల్లు స్క్రీన్‌షాట్ జతచేయండి.