మెనోపాజ్ ఆవిర్లా? ముందు ఊపిరి వదలడం నేర్చుకోండి

నలభై అయిదు దాటాక నెలసరి తేదీలు తప్పుతూ, ఉన్నట్టుండి ఛాతీ నుంచి ముఖం దాకా సెగ ఎగబాకుతోందా? విశాఖ ఎంవీపీ కాలనీలో మా మేడమీద పొద్దున్నే చాపలు పరుచుకునే ఆడవాళ్లలో చాలామందిది ఇదే అవస్థ. కొత్తగా యోగాకు వచ్చినవారికి ముందు ఊపిరి వదలడమే నేర్పుతాను, ఆసనాల సంగతి తర్వాత.

ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను తగ్గేకొద్దీ మెదడులో ఒంటి వేడిని అదుపుచేసే హైపోథాలమస్ చిన్న తేడాకే తొందరపడుతుంది. చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుంటాయి, చెమట పడుతుంది. మన విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ చెమట తొందరగా ఆరదు. అందుకే ఇక్కడ ఉక్కపోత రోజుల్లో ఆవిర్లు మరీ ప్రాణం తీస్తాయి.

నిటారుగా కూర్చుని, కుడిచేయి బొడ్డు మీద పెట్టండి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. పీల్చినప్పుడు పొట్ట చేతిని ముందుకు నెట్టాలి. భుజాలు లేస్తున్నాయంటే గాలి పైపైనే ఆడుతున్నట్టు. ఊపిరి బిగపట్టవద్దు. పొద్దున, సాయంత్రం పదేసి నిమిషాలు సాధన చేస్తే, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా సెగ మొదలైనా కంగారు పడకుండా అక్కడే చేసుకోవచ్చు. సెగ కంటే ఎక్కువగా గుండెదడ, భయమే మనిషిని కుంగదీస్తాయి. వాటిని ఇది బాగా నెమ్మదింపజేస్తుంది.

శీతలి ప్రాణాయామం కూడా మంచిదే. నాలుకను గొట్టంలా మడిచి దాని గుండా పీల్చి, ముక్కుతో వదలాలి. నాలుక మడత పడనివారు పళ్లు కలిపి, వాటి సందుల్లోంచి పీలిస్తే సరి, అది సీత్కారి. తడి నాలుక మీదుగా వచ్చే గాలి చల్లబడుతుంది కానీ, ఉక్కగా ఉన్న మధ్యాహ్నం ఆ చల్లదనం అంతగా తెలియదు. తెల్లవారుజామునే చేయండి. నోటితో పీల్చేది కాబట్టి లారీలు తిరిగే రోడ్డు పక్కన వద్దు.

రాత్రి మెలకువలు వచ్చేవారు పడుకునే ముందు సుప్త బద్ధకోణాసనం వేయండి. పొడవాటి దిండును వెన్ను పొడవునా ఉంచి వెనక్కి వాలి, అరికాళ్లు కలిపి, మోకాళ్లను పక్కలకు వదలండి. తొడల కింద మడిచిన దుప్పట్లు తప్పక పెట్టాలి. ఆసరా లేకపోతే గజ్జలు లాగుతాయి, ఇక విశ్రాంతి ఎక్కడిది?

ఎముకల కోసం ముందు మోకాలు వంచి నిలబడే వీరభద్రాసనం, గోడ పట్టుకుని ఒంటికాలిపై నిలిచే వృక్షాసనం వారంలో చాలా రోజులు ఉండాలి. ఎముకలు గుల్లబారాయని తేలినవారు వెన్ను గుండ్రంగా వంచే పశ్చిమోత్తానాసనం మానేయాలి. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), అదుపులో లేని రక్తపోటు ఉన్నవారికి తలకిందుల ఆసనాలు వద్దు. ఆవిర్లు ఎక్కువగా ఉన్న రోజుల్లో వేగంగా, బలంగా ఊపిరి ఆడించే కపాలభాతి, భస్త్రిక నేను చేయించను. అవి ఒంట్లో వేడి పుట్టిస్తాయి.

2025 జూన్ 21న ఆర్కే బీచ్‌లో యోగా దినోత్సవానికి తీసుకున్న చాప బీరువా మీద ఉంటే దించండి, అది చాలు.

నిద్ర, చిరాకు విషయంలో మా వాళ్లకు మేలు కనిపించింది. ఆవిర్లు పూర్తిగా పోతాయని మాత్రం మాట ఇవ్వను. భరించలేనంతగా ఉంటే హార్మోను చికిత్స తమకు సరిపడుతుందా అని గైనకాలజిస్టును అడగండి. ఏడాదిపాటు నెలసరి ఆగిపోయాక మళ్లీ కొద్దిగా రక్తం కనిపించినా సరే, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి.